బల్లకి చెప్పిన మాట

తలుపు పడిన చప్పుడు పెద్దదేమీ కాదు. రోజూ వినేదే. లావుపాటి మనిషి పరుపు మీద కూలబడ్డట్టు మెత్తగా ఒక్క చప్పుడు, ఆ వెనకే రబ్బరు అంచు గోడకి అతుక్కునే చిన్న శబ్దం. కాకపోతే ఇన్నేళ్ళూ ఆమె దాన్ని బయట నిలబడి వింది, ఇప్పుడు లోపల నిలబడి వింది, చేతిలో లిల్లీల బకెట్టుతో. వెనక్కి తిరిగే ముందే విషయం అర్థమైపోయింది. అర్థమైనా సరే తిరిగి చూసి, తలుపు మూసుకునే ఉందని కళ్ళతో కూడా తెలుసుకుని, బకెట్టు నెమ్మదిగా కింద పెట్టింది. నీళ్ళు తొణక్కుండా పెట్టింది. ఏం జరిగినా పువ్వు కుదుపు తినకూడదన్నది ఆ చేతుల అలవాటు, వాటికింకా కబురు అందలేదు. లోపలి పిడి ఊడిపోయి చాలాకాలమైంది. ఊడిన రోజే పూలకొట్టు యజమానికి చెబితే రేపు చేయిద్దామన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు. ఈలోగా కొట్లో వాళ్ళే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. పాత నీలం బకెట్టు నిండా నీళ్ళు పోసి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టి, పూలు దాచే ఈ చలిగదిలోకి వెళ్ళడం. ఆ బకెట్టు పేరు కాపలాదారు. కాపలాదారుని పెట్టావా అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు, పెట్టాను అనే జవాబు వింటే గాని వ్యాను నడిపే ఆయన లోపల అడుగు పెట్టడు, అంత భయస్థుడు. ఈవేళ సెలవు ముందు రోజు కాబట్టి సరుకు ఎక్కువ వచ్చింది, బకెట్లన్నీ నిండిపోయాయి, ఆఖరి లిల్లీలకి చోటు లేదు. ఒక్క నిమిషమే కదా అని కాపలాదారులోనే లిల్లీలు పెట్టి, తనే ఎత్తుకుని లోపలికి తెచ్చింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, తనది అంతకన్నా ఘనకార్యం. కాపలావాణ్ణి చంకన పెట్టుకుని వచ్చి మరీ చిక్కుకుంది.

మొదట నవ్వొచ్చింది. ఎవరికి చెప్పినా నవ్వుతారు కదా అనుకుని, ఎవరికి చెబుతాం అనుకునేసరికి అక్కడ ఆగింది ఆ నవ్వు. భుజంతో తోసింది. అరచేతులతో కొట్టింది. ఆ తలుపు జానెడు మందం, మధ్యలో కూరిన దూది లాంటిదేదో దెబ్బల్ని మింగేస్తుంది, తలుపుని కొడుతున్నట్టు కాదు, పడుకున్న గేదెని చరిచినట్టుంది. ఎవరున్నారు అవతల? వ్యానాయన ఆఖరి మోపు పెళ్ళి మండపంలో దించి అటు నుంచి అటే ఇంటికి పోతాడు. యజమాని మధ్యాహ్నమే వెళ్ళిపోయాడు. రేపు సెలవు. వీధి వైపు షట్టరు తనే కిందికి లాగింది, ఆఖరి నిమిషంలో పరిగెత్తుకొచ్చి ఒక్క గులాబీ ఇవ్వండి అనే వాళ్ళ బాధ పడలేక. భర్త లారీతో పోయాడు, ఎల్లుండి గాని రాడు, వచ్చినా తను ఇంట్లో లేకపోతే కొట్లో ఉందనుకుంటాడు, కొట్లోనే ఉంటుంది మరి, ఆయన అనుకున్నది నిజమే అవుతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడు పాదాల్లోంచి ఏదో పైకి పాకింది. చలి అనుకుంది. చలి కాదది, చలి తర్వాత వచ్చింది.

ఫోను బయట ఉంది. గోడకి ఆనించిన పనిబల్ల మీద, గాజు కూజాకి చేరేసి, ముఖం పైకి పెట్టుకుని దర్జాగా కూర్చుని ఉంటుంది. లోపలికి వచ్చే ముందే దానితో మాట్లాడింది. తల వాల్చేసిన గులాబీల్ని గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి, అరగంటయ్యాక గుర్తు చెయ్యి అంది, సరే అంది అది. ఎంత మర్యాద దానికి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చేతులు తడిగానో, ముళ్ళు గుచ్చుకునో, జిగురు పట్టో ఉండే పనిలో ఇలాంటి తోడు మంచిదేనని ఇచ్చింది చెల్లెలు. ఓ మాట అని పిలవాలి, చెప్పండి అంటుంది. టైమెంత అంటే చెబుతుంది, వాన పడుతుందా అంటే చెబుతుంది, తెల్ల చామంతి ఎన్నాళ్ళుంటుంది అంటే మాత్రం పుస్తకాల్లో ఉన్నది చెబుతుంది, పుస్తకాలు రాసినవాడు ఈ కొట్లో పని చేసి ఉంటే అలా రాసేవాడు కాదు. ఆ పిలుపు ఎవరు పెట్టారో గాని తెలివితక్కువ పని చేశారు. యజమానికి ఊతపదమే ఓ మాట. ఓ మాట, ఆ రిబ్బను ఇటివ్వు. ఓ మాట, ఈ దండ ఎవరిది. ఆయన అన్నప్పుడల్లా బల్ల మీది ఫోను చెప్పండి అనేది, ఆయన నీకు కాదులే అనేవాడు దానికి, అది క్షమించండి అర్థం కాలేదు అనేది, ఇద్దరికీ మధ్యలో ఆమె దండ కట్టుకునేది. ఒకరోజు తెల్లవారుజామున టీవీలో ఎవరో ఓ మాట అంటే ఫోను తనంతట తనే యజమానికి ఫోన్ చేసి కూర్చుంది. ఆ తర్వాతే చెల్లెలు వచ్చి దానికి రెండు కట్టుబాట్లు పెట్టింది. ఒకటి, అక్క గొంతు తప్ప ఇంకెవరి గొంతుకీ పలక్కూడదు. రెండు, ఫోను తెరకి తాళం పడి ఉన్నప్పుడు ఒక్క మనిషికి తప్ప ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. ఆ ఒక్క మనిషి ఎవరని అడిగింది ఫోను. నేనే అని చెల్లెలు తన నంబరు నొక్కింది, అక్కని అడగనైనా అడగలేదు.

ఓ మాట, అని అరిచింది తలుపు మీదికి వంగి. ఓ మాట. ఓ మాట. గదిలో మోటారు తిరుగుతోంది, పైన పంకాలు చల్లగాలిని ఆమె నెత్తిన పోస్తున్నాయి, ఆ మోతలో తన అరుపు తనకే చిన్నగా వినిపించింది. అరవడం ఆమెకి చేతకాదు. నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు చిన్నప్పుడు, మెచ్చుకోలుగానే అనేవారు, అమ్మ కూడా నలుగురిలో అదే చెప్పుకునేది, మా పెద్దది ఇంట్లో ఉందో లేదో తెలీదండీ అని. చిన్నదాని సంగతి ఊరందరికీ తెలిసేది. వాగుడుకాయ. రాత్రి దీపం తీసేశాక మొదలుపెట్టేది, స్కూల్లో ఎవరు ఎవర్ని గిల్లారు, టీచరు చీర మీద మరక ఎలా పడింది, పిల్లి ఏమనుకుంటోంది, అన్నీ. ఒకే దుప్పటి కింద అక్క ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే మోచేత్తో పొడిచేది, నిద్రపోయావా? లేదు. అయితే ఊఁ అను. ఊఁ. అలా నేర్చుకుంది ఊఁ కొట్టడం, నిద్రలో కూడా కొట్టగలిగేంత బాగా నేర్చుకుంది. చెల్లెలికి చెప్పడం వచ్చింది, తనకి ఊఁ కొట్టడం వచ్చింది, ఎవరికి వచ్చిన విద్యతో వాళ్ళు బతుకుతున్నారు. చెల్లెలిప్పుడు హెడ్‌సెట్ తగిలించుకుని రోజంతా జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. వాగుడుకాయకి వినే ఉద్యోగం దొరకడమే చిత్రం. పొద్దుట్నుంచి అందరి తిట్లూ విని, సాయంత్రం బస్సెక్కి, ఆ విన్నదంతా అక్క దగ్గర దించుకునేది.

రోజూ అదే వేళకి. బల్ల మీద ఫోను, ఫోన్లో చెల్లెలు, చేతుల్లో పువ్వులు. స్పీకర్లో మాటలు పారుతూనే ఉండేవి, ఆమె ఆకులు తుంచేది, కాడలు ఏటవాలుగా కోసేది, తీగ చుట్టేది, మధ్యమధ్యలో ఊఁ. అవునా. ఊఁ. తప్పేముంది అందులో? ఆఖరి రోజుల్లో చెల్లెలు కూడా ఏంటీ, ఏంటీ, మళ్ళీ చెప్పు అని రెండేసిసార్లు అడుగుతుండేది, బస్సు మోత కదా అనుకుంది. ఒకరోజు పెద్ద ఆర్డరు ఉంది. చెల్లెలు ఏదో చెబుతూనే ఉంది, గొంతు మామూలుగా లేదని కూడా అనిపించింది, అనిపించి, ఒక్క నిమిషం అనుకుని, ఆ మాట పైకి అనకుండానే, కాపలాదారుని తలుపుకి పెట్టి ఇదే గదిలోకి వచ్చింది. తెల్ల గులాబీల కోసం. పైవరసలో ఉన్నాయి, దించడానికి కాస్సేపు పట్టింది. బయటికి వెళ్ళేసరికి ఫోను మౌనంగా ఉంది, పెట్టేసిందేమో అనుకునేలోగా, విన్నావా, అంది చెల్లెలు. విన్నాను, అంది ఆమె. అలవాటు అది, అబద్ధమని కూడా తోచలేదు. ఏం విన్నావో చెప్పు, అంది చెల్లెలు. ఆమె చేతిలో తెల్ల గులాబీలు చలికి పొగలు కక్కుతున్నాయి. గోడకి చెప్పుకున్నా బాగుండేదక్కా, గోడ విన్నానని చెప్పదు, అంది. అంతే. ఆ తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళితే ఆఫీసులో ఉందన్నారు, ఆఫీసుకి వెళితే మీటింగులో ఉందన్నారు. పొగరు అనుకుంది ఆమె. కొన్నాళ్ళు పోతే అదే దిగుతుందనుకుంది. ఎన్నాళ్ళయినా దిగలేదు, అదే వేళకి ఫోను మూగగా పడి ఉండడం ఆమెకి అలవాటు కాలేదు, ఉండబట్టలేక దానితోనే మాట్లాడటం మొదలుపెట్టింది. వాన పడుతుందా. పడదు. సరే.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడలకి లేవు. కాళ్ళలో స్పర్శ పోతోంది. చెప్పుల అడుగున నీళ్ళు, చేతుల దగ్గర తడిసిన చొక్కా చర్మానికి అంటుకుని ఇంకో చర్మంలా బిగుసుకుంటోంది. బొకేలకి చుట్టే ప్లాస్టిక్ కాగితం చుట్ట ఒకటి మూల ఉంటే విప్పి ఒంటికి చుట్టుకుంది, భుజాల మీదుగా, నడుం చుట్టూ, కరకరమంటోంది కదిలితే. ఇన్నాళ్ళు పూలకి చుట్టిన చేతులే. పువ్వుకి చలి మంచిది, ముసలితనం ఆగుతుంది, ఇక్కడ పెట్టిన మొగ్గ ఎన్నాళ్ళయినా మొగ్గే. కొనేవాళ్ళకి ఆమె చెప్పే మాటే ఇది, చల్లగా ఉంచండి, కదపకండి. మనిషికి చెల్లదు ఆ సలహా. మనిషి కదలాలి. కదిలింది, ఈ గోడ నుంచి ఆ గోడకి, కార్నేషన్లకీ చామంతులకీ మధ్య సందులో, రెండడుగులు వేస్తే గది అయిపోతుంది. మనిషి చలికి పోయే ముందు నిద్రొస్తుందట, హాయిగా ఉంటుందట, ఎవరు చెప్పారు తనకి ఈ మాట, చెల్లెలే అయి ఉంటుంది, ఇలాంటి పనికిరాని సంగతులన్నీ దానికే తెలుస్తాయి, బస్సులో కూర్చుని చెప్పి ఉంటుంది, తను ఊఁ అని ఉంటుంది. మరి ఇది ఎలా గుర్తుంది? అంటే కొంతయినా వింటూనే ఉందన్నమాట. ఆ రోజు చెప్పింది మాత్రం ఎంత తవ్వినా రాదు. లేని చోట ఎంత తవ్వినా ఏం వస్తుంది.

అప్పుడు మోటారు ఆగింది. అది అలాగే ఆగుతుంది, కాస్సేపు తిరిగి, గది తగినంత చల్లబడిందని తృప్తిపడి, కాస్సేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకున్నప్పుడు వినిపించింది గంట. టింగు టింగుమని, నీళ్ళలోంచి వస్తున్నట్టు. గులాబీల గంట. అరగంటయిందన్నమాట, గులాబీలు తల ఎత్తి ఉంటాయి. తలుపుకి చెవి ఆనించింది, అక్కడ ఏమీ లేదు. వెనక్కి వచ్చింది, కాస్త వినిపించింది. చామంతుల అర దగ్గర ఇంకాస్త. వంగింది, మోకాళ్ళ మీద కూర్చుంది, చివరికి తడినేల మీద పడుకుంది. అక్కడ గోడ అడుగున గుడ్డ కుక్కి ఉంది. పాత నీళ్ళ గొట్టం తీసేసి కొత్తది ఇంకో వైపు వేసినప్పుడు మిగిలిపోయిన కన్నం, ఎలుకలు రాకుండా ఎవరో ఏనాడో కుక్కిన గుడ్డ. రోజూ చూసింది, ఏనాడూ పట్టించుకోలేదు. వేళ్ళు మాట వినడం లేదు. గోళ్ళతో లాగింది, పళ్ళతో పట్టుకుని లాగింది, మట్టి రుచి, పాచి రుచి, గుడ్డ ముక్కలుగా వచ్చి చివరికి మొత్తం వచ్చింది, దాంతోపాటు గంట గట్టిగా, దగ్గరగా, గదిలోకి వచ్చేసింది. మణికట్టు పట్టేంత కన్నం. అవతల పనిబల్ల కాళ్ళు, కింద రాలిన ఆకులు, బయటి వెచ్చటి గాలి ఆమె పెదవులకి తగిలింది. ఏడుపొచ్చేసింది ఆ గాలికి.

ఓ మాట, అని కన్నంలో నోరు పెట్టి అరిచింది. గంట మోగుతూనే ఉంది. ఆపు అంది, ఆగలేదు. ఇంకా గట్టిగా అరిచింది, గొంతు చీలిపోయేలా, ప్రాణంలో ఉన్న బలమంతా పెట్టి. మోగీ మోగీ, ఎవరూ పట్టించుకోకపోయేసరికి, గంట దానంతట అదే మానుకుంది. చెప్పండి అనే మాట మాత్రం రాలేదు. మళ్ళీ మోటారు మొదలైంది. ఆ మోతలో అరిచి లాభం లేదు, ఆగేదాకా పడుకోవాలి, పడుకుంటే నేల ఒంట్లోని వేడినంతా తాగేస్తోంది, లేస్తే మళ్ళీ వంగడానికి మోకాళ్ళు ఒప్పుకుంటాయో లేదో. అలాగే ఉంది. అవతల ఫోను, ఇవతల తను, మధ్యలో గోడ, చెల్లెలు చెప్పుకున్న గోడ ఇదేనా అనుకుంది. ఆ రోజు చెల్లెలు బల్లకి చెప్పుకుంది, ఈ రోజు తనూ బల్లకే చెప్పుకుంటోంది, విన్నానని అనడానికి కూడా అక్కడ ఎవరూ లేరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. చెవిటిదా ఆ ఫోను? గంట వినిపించేంత దగ్గరలో ఉంది, ఆమె కేక దానికి తప్పక అందే ఉంటుంది. అందినా పలకలేదంటే, ఇదెవరో పరాయి గొంతు అనుకుంది ఆ ఫోను. ఈ అరిచే ఆవిడ ఎవరో నాకు తెలియదు అనుకుంది. నిజమే కదా, తనకే తెలియదు ఆ గొంతు, ఇన్నేళ్ళలో ఇప్పుడే మొదటిసారి వింటోంది.

గొంతు నేర్పిన రోజు చెల్లెలి వంటింట్లో కూర్చున్నారు, స్టవ్ మీద పాలు, కిటికీలో ఎండ. ఫోనుకి గొంతు నేర్పాలి, ఓ మాట అని కొన్నిసార్లు అనాలి. ఆమెకి సిగ్గేసింది, ఒక వస్తువుతో మాట్లాడటమేమిటని. ముందు గొణిగింది, తర్వాత మైకు ముందు నిలబడినట్టు బిగుసుకుపోయి అరిచింది, చెల్లెలు పడీపడీ నవ్వింది, పాలు పొంగిపోయాయి. తర్వాత ఫోను పక్కకి జరిపి, తన ముఖం అక్కడ పెట్టి, దానికి అరవక్కర్లేదక్కా, నాతో మాట్లాడినట్టు మాట్లాడు, అంది. అప్పుడు ఆ ముఖంలోకి చూస్తూ అంది ఓ మాట, ఓ మాట, ఓ మాట. దుప్పటి కింది గొంతుతో అంది. ఫోనుకి తెలిసిన అక్క ఆ అక్క ఒక్కతే.

మోటారు ఆగింది. పళ్ళు టకటకలాడుతున్నాయి, ఇలా అయితే ఫోనే కాదు, చెల్లెలు కూడా గుర్తుపట్టలేని గొంతు వస్తుంది. ప్లాస్టిక్ కాగితం అంచు మడిచి పళ్ళ మధ్య పెట్టుకుని, వణుకు తగ్గేదాకా కొరికి పట్టి, తీసేసింది. కన్నం దగ్గర నోరు పెట్టింది. చెల్లెలు పక్కన పడుకుని ఉందనుకుంది. దీపం తీసేశారనుకుంది.

"ఓ మాట."

"చెప్పండి," అంది ఫోను.

యజమానికి ఫోన్ చెయ్యి అంది. ముందుగా ఫోన్ తాళం తీయండి అంది అది. ఓ మాట, ఫైరింజన్ వాళ్ళకి చెయ్యి. ముందుగా ఫోన్ తాళం తీయండి. పోలీసులకి. ముందుగా ఫోన్ తాళం తీయండి. తాళాల మీద తాళాలు, అన్నీ అవతలి వైపు తీసేవే. కోపం తెచ్చుకోకూడదు, కోపమొస్తే గొంతు మారుతుంది, గొంతు మారితే ఇదీ పోతుంది. ఇంక మిగిలింది ఆ ఒక్క మనిషి. ఎత్తని మనిషి. ఓ మాట, చెల్లికి ఫోన్ చెయ్యి. సరే అంది. మోగింది. చేతులెప్పుడూ తడిగా ఉంటాయని స్పీకర్లో మోగేలా పెట్టింది కూడా చెల్లెలే. అంత దూరాన ఎక్కడో ఒక సంచిలోనో, బల్ల మీదో చెల్లెలి ఫోను కదులుతూ ఉంటుంది, తెర మీద అక్క అని కనిపిస్తుంది, చూసి, బోర్లా తిప్పేస్తుంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చెయ్యి అంది. ఈసారి రెండుసార్లు మోగగానే తెగింది. తెగితే నొప్పేసింది నిజంగానే, చలి పట్టని చోటేదో ఒంట్లో ఇంకా మిగిలి ఉంది, అక్కడ. మోటారు ఇంకాస్సేపట్లో తిరుగుతుంది. తిరిగితే మళ్ళీ ఆగేదాకా తను ఈ గొంతు నిలబెట్టుకోగలదా? కళ్ళు మూతలు పడుతున్నాయి, హాయిగా ఉంటుందట, ఉంది కూడా. ఓ మాట. చెప్పండి. చెల్లికి. సరే.

ఎత్తింది. హలో అనలేదు, ఊపిరి మాత్రం వినిపించింది, బస్సు లోపలి మోతా వినిపించింది. అదే వేళ, అదే బస్సు.

"చలిగదిలో ఇరుక్కుపోయాను," అంది ఆమె. "తలుపు పడిపోయింది. ఎవరూ లేరు."

"ఏంటి? వినబడట్లేదు."

ఎత్తిపొడుపు అనుకుంది. అనాల్సిన మాటే, అననీ. కానీ సమయం లేదు. ప్రాణం పోతోందన్న భయంలో మళ్ళీ ఆ తెలియని గొంతు తన్నుకొచ్చింది, కన్నంలోకి అరిచింది, చలి, తలుపు, కాపలాదారు, ఏవేవో.

"అరవకక్కా. అరిస్తే అసలే తెలీదు నాకు. మెల్లగా చెప్పు. విడివిడిగా."

విడివిడిగా చెప్పింది. చలిగది. లోపల. తలుపు. బయట నుంచి. నువ్వు. రా. షట్టరుకి తాళం లేదు, పైకెత్తితే వస్తుంది. ఒక్కో మాటకీ అవతల ఊపిరి మారుతోంది. తర్వాత చెల్లెలు ఆమెతో కాదు, బస్సు నడిపే ఆయనతో ఏదో అంది, గట్టిగా అంది, బస్సు ఆగిన చప్పుడు, పరిగెత్తిన చప్పుడు, టాక్సీ తలుపు, చిరునామా. వాగుడుకాయకి ఊరందరితోనూ పని చేయించుకోవడం ముందునుంచీ వచ్చు.

"వస్తున్నా. ఫోన్ పెట్టకు. నిద్రపోకు. మాట్లాడుతూ ఉండు."

ఏం మాట్లాడాలి? ఇన్నేళ్ళలో తనని ఎవరూ అలా అడగలేదు. కన్నానికి నోరు పెడితే చెవి దూరమవుతుంది, చెవి పెడితే నోరు దూరమవుతుంది, రెండూ ఒకేసారి పట్టవు. తల ఇటు తిప్పి, అటు తిప్పి, ప్రతిసారీ చెంప నేల మీద అంటుకుని ఊడుతోంది. తిరిగి తిరిగి నోట్లోకి వచ్చింది ఒక్కటే.

"ఆ రోజు ఏం చెప్పావో, మళ్ళీ చెప్పు."

టాక్సీ ఎక్కడో ఆగి మళ్ళీ కదిలింది.

"కుడి చెవి పోయిందక్కా," అంది. "ఆఫీసులో పరీక్ష చేయించారు. ఎడమది కూడా తగ్గుతోందట. రోజంతా వినే ఉద్యోగం, ఇంకెన్నాళ్ళు ఉంచుతారో తెలీదు. అదే చెప్పా. నాకు వినబడట్లేదని చెప్తే, అది నీకు వినబడలేదు."

ముందు చెల్లెలి గొంతులో ఏదో విరిగింది, ఏడుపనుకుంది, కాదు నవ్వు, పాలు పొంగిన రోజు నవ్వే, కాకపోతే తడి ఎక్కువ. ఆమెకీ నవ్వొచ్చింది, దవడలు బిగుసుకుపోయి బయటికి రాలేదు, లోపలే కుదిపింది. ఆ కుదుపుకి చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నదే నోటికొచ్చింది.

"ఊఁ," అంది.

"ఊఁ అనకు. నాకిప్పుడు ఊఁ వినబడదు. మాట చెప్పు."

పైన మోటారు గొణిగింది, తిరగడానికి సిద్ధమవుతున్నట్టు. ఆమె కన్నం చుట్టూ రెండు అరచేతులూ దోసిలిలా చేర్చి, ఆ దోసిట్లో నోరు పెట్టి, దీపం తీసేశాక మాట్లాడే గొంతుతో, ఒక్కొక్కటే చెప్పింది. "కుడి చెవి పోయింది. ఎడమది తగ్గుతోంది. ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. నేను విన్నాను."

చెప్పి, నోరు తీసి, చెవి పెట్టింది.